రెండు వందల జాతీయాల మాస్టారు

ముందే చెప్పేస్తున్నాను. ఢిల్లీలో ఇరవై ఏళ్లకు దగ్గరగా నేను చెప్పిన ఇంగ్లీషులో సగం ఎవరికీ పనికిరాలేదు. మిగతా సగంలో కొంత పనికొచ్చింది, కొంత అపకారం చేసింది. ఇంగ్లీషు క్లాసులు చెప్పుకుని బతుకుదామనుకునే కుర్రవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మాస్టారూ" అంటుంటారు. అనుభవాలంటే వాళ్ల ఉద్దేశం విజయాలు. నా దగ్గర ఆ సరుకు తక్కువ. ఉన్నదేదో రాస్తున్నాను, చదువుకుని జాగ్రత్తపడండి.

ఉద్యోగం దొరికిన తీరు

డెబ్భైల మొదట్లో ఎం.ఏ. ఇంగ్లీషు సెకండ్ క్లాసు పట్టా, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని బాపట్ల నుంచి ఢిల్లీలో దిగాను. సరోజినీ నగర్‌లో మా పెద్దమ్మ కొడుకు ప్రభుత్వ క్వార్టర్లో వరండా నా నివాసం. ఆ దగ్గర్లోనే సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాని యజమాని ఖన్నాగారు, లాహోర్ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఈ ఉద్యోగం నీకెందుకని ఆయన అడిగితే, అప్పటికి వారం రోజులుగా అద్దం ముందు వల్లెవేసిన జవాబు ఒక్క గుక్కలో అప్పజెప్పాను. "సర్, ఐ షల్ లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్, బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్, అండ్ కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్."

ఒకే వాక్యంలో రెండు రాళ్లు, ఒక దీపం, రెండు పిట్టలు. చెయ్యని ప్రయత్నమంటూ ఉండదని, అర్ధరాత్రి దాకా కష్టపడతానని, ఒక్క పనితో రెండు లాభాలు సాధిస్తానని నా భావం. ఆ రెండో లాభం ఏమిటో నాకే తెలియదు. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి ఎవరైనా ఆ గదిలో ఉండి ఉంటే నన్ను బయటికి పంపేవారు. ఖన్నాగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "బహుత్ అచ్ఛా" అన్నారు. రేపట్నుంచి వచ్చెయ్యమన్నారు.

ఆయన నమ్మకం ఒకటే. జాతీయాలు లేని ఇంగ్లీషు పోపు వెయ్యని పప్పులాంటిది. మా దగ్గరికి వచ్చే గుమాస్తాలదీ, పోటీ పరీక్షల కుర్రవాళ్లదీ, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులదీ అదే నమ్మకం. వాళ్లకి వాక్యం రాకపోయినా ఫర్వాలేదు, జాతీయం రావాలి. తెలుగువాళ్లు ఎక్కువమంది చేరుతున్నారని ఖన్నాగారు నాకు ఏకంగా ఒక తెలుగు బ్యాచి అప్పగించారు.

జాబితా

నేను రెండు వందల జాతీయాలతో ఒక జాబితా తయారుచేశాను. సైక్లోస్టైల్ మిషను మీద నకళ్లు తీసిన పన్నెండు కాగితాలు, మూలన పిన్ను, పైన ఇన్‌స్టిట్యూట్ ముద్ర, దాని కింద నా పేరు. ఎడమవైపు ఇంగ్లీషు జాతీయం, కుడివైపు తెలుగులో అర్థం. ఒక్కోదానికి ఒక్క ముక్కే, రెండో ముక్కకి చోటు లేదు. దరియాగంజ్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న ఒక పాత పుస్తకం నాకు ఆధారం. దానికి మొదటి పేజీలు చిరిగిపోయి, ఎవరు ఎప్పుడు రాశారో కూడా తెలిసేది కాదు.

పాపం, కొన్నిటికి మన మాటలు చేతికందేంత దగ్గర్లోనే ఉండేవి. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే అమావాస్యకో పున్నానికో. స్పిల్ ద బీన్స్ అంటే గుట్టు రట్టు చెయ్యడం. బీట్ అబౌట్ ద బుష్ అంటే డొంకతిరుగుడుగా మాట్లాడటం, ఇక్కడ డొంకకి డొంక కూడా సరిపోయింది. పుల్ సమ్‌వన్స్ లెగ్ అంటే ఆటపట్టించడం. ఇలాంటివి చెబుతున్నప్పుడు క్లాసంతా ఘొల్లున నవ్వేది, నా అంతవాడు లేడనుకునేవాణ్ణి.

మా బ్యాచిలో వెంకటేశ్వర్లు అని ఒక గుమాస్తా ఉండేవాడు. భార్యకి జ్వరం వస్తే రెండు రోజుల సెలవు కోసం ఆఫీసులో అర్జీ పెట్టాడు. నా భార్య అండర్ ద వెదర్ గా ఉన్నందునా, నేను బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ గా ఉన్నందునా సెలవు దయచేయించగలరు అని. మొదటిదానికి ఒంట్లో నలతగా ఉందని అర్థం, రెండోదానికి దెయ్యానికీ నడిసముద్రానికీ మధ్య ఇరుక్కున్నానని, అంటే ఎటూ పాలుపోవడం లేదని. అధికారి సెలవిచ్చి, కింద పెన్సిల్‌తో, "ఇందులో మీ ఆవిడ దెయ్యమా, సముద్రమా?" అని రాశాడట. వెంకటేశ్వర్లు ఆ కాగితం తెచ్చి చూపిస్తే నేను మురిసిపోయి గోడకి అంటించాను. అప్పుడే బుద్ధి తెచ్చుకోవాల్సింది. ఆ అధికారి మమ్మల్ని చూసి నవ్వుతున్నాడన్న సంగతి నాకు చాలా ఏళ్లకిగానీ తట్టలేదు.

సలోమి

ఎనభైల మొదట్లో సలోమి అనే అమ్మాయి మా బ్యాచిలో చేరింది. రేపల్లె దగ్గరి ఊరు. దక్షిణ ఢిల్లీలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో నర్సు. తండ్రి లేడు, తల్లి ఊళ్లో ఉంది, చెల్లెలు ఈ అమ్మాయి జీతం మీదే గుంటూరులో నర్సు ట్రైనింగ్ చేస్తోంది. ఉండటం నర్సింగ్ హోం వాళ్ల హాస్టల్లోనే. ఇంకో ఏడాది గడిస్తే అనుభవం సర్టిఫికెట్ వస్తుంది, దాంతో పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పోస్టుకి పెట్టుకోవచ్చు. అందుకే ఇంగ్లీషు కావాలి. నైటు డ్యూటీ చేసి, మధ్యాహ్నం నాలుగు గంటలు పడుకుని, సాయంత్రం క్లాసుకి వచ్చేది. వచ్చినదగ్గర్నుంచీ నా జాబితాని దేవుడి వాక్యంలా బట్టీపట్టింది. ఏ అంకె చెప్పినా దాని ఎదురుగా ఉన్న జాతీయం, అర్థం గడగడా చెప్పేసేది. అలాంటి శిష్యురాలు దొరికితే ఏ మాస్టారికైనా తల తిరుగుతుంది. నాకు పూర్తిగా తిరిగింది.

జాబితాలో చావు గురించి అయిదు జాతీయాలున్నాయి. అయిదింటి ఎదురుగా ఒకటే అర్థం, "మరణించుట". అందులో ఒకటి పుషింగ్ అప్ డెయిజీస్. ఇది మంచి మాటేనా సార్ అని సలోమి క్లాసులో అడిగింది. నాకు తెలియదు. ఆ మాట ఎవరైనా అనగా నేను వినలేదు, డెయిజీ పువ్వు ఎలా ఉంటుందో చూడనూ లేదు. తెలియదనడానికి నోరు రాక, చక్కటి మాటమ్మా, పువ్వులున్నాయి, కవిత్వం ఉంది అని చెప్పాను.

ఆ మాట అసలు సంగతి ఇదీ. పాతిపెట్టిన చోట గడ్డీ గడ్డిపూలూ మొలుస్తాయి కదా, కింద పడుకున్నవాడు వాటిని పైకి తోస్తున్నాడని ఎకసెక్కం. స్నేహితులు గ్లాసుల ముందు కూర్చుని, ఎప్పుడో పోయిన మూడోవాడి గురించి అనుకునే మాట. మన దగ్గర టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు అంటామే, అలాంటిది. మా నాన్న పోయిన రోజున ఎవరైనా గుమ్మంలోకి వచ్చి, "మీ నాన్న టపా కట్టేశాడటగా" అని ఉంటే వాడి చెంప పగిలేది. ఆ తేడా నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టి పెరగడంలో వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం అలాంటి తేడా ఉంటుందని ఊహకైనా రాలేదు.

నర్సింగ్ హోంలో సలోమి వార్డులో ఒక రిటైర్డ్ కర్నల్ గారు మూడు వారాలుగా ఉన్నారు. ఒకరోజు తెల్లవారాక ఆయన పోయారు. రోజూ ఏడింటికి వచ్చే భార్య, కొడుకుతో కలిసి ఆ రోజూ ఏడింటికే వచ్చింది. వరండాలో ఎదురైంది సలోమి. ఆ పెద్దావిడకి గౌరవంగా చెప్పాలి, డైడ్ అంటే మొరటుగా ఉంటుందేమో అనుకుంది. జాబితాలోంచి అన్నిటికన్నా అందమైన మాట ఏరి, చేతులు కట్టుకుని చెప్పింది. కొడుకు ఆ మధ్యాహ్నమే యజమాని డాక్టరుకి ఫిర్యాదు రాసి ఇచ్చాడు.

"పువ్వుల మాట కదా సార్, మర్యాదగా ఉంటుందనుకున్నా" అంది నాతో. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఆ అమ్మాయి కోసం కాదు. జాబితా మీద నా పేరుంది.

మేట్రన్ గది

మర్నాడు నర్సింగ్ హోంలో నర్సులందరి మీదా పెద్ద అయిన మేట్రన్ నాకు కబురంపింది. కేరళ మనిషి, తక్కువ మాటలు. బల్ల మీద నా పన్నెండు కాగితాలు ఉన్నాయి, అయిదు జాతీయాల కింద ఎర్ర గీత ఉంది. సలోమి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇది మీరు నేర్పిందేనా అని మేట్రన్ అడిగింది.

అవును అంటే అయిపోయేది. నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. గొంతు సవరించుకుని, జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత వేగంగా, అంత గొప్పగా ఇంగ్లీషు మాట్లాడాను. ఆ మాట వెటకారమని క్లాసులో స్పష్టంగా చెప్పానన్నాను. ఆ రోజు ఈ అమ్మాయి రాలేదేమో అన్నాను. షీ హాజ్ గాట్ హోల్డ్ ఆఫ్ ద రాంగ్ ఎండ్ ఆఫ్ ద స్టిక్ అన్నాను, అంటే చెప్పింది ఒకటైతే ఆమె అర్థం చేసుకుంది ఇంకొకటని. చివరికి, ఐ వాష్ మై హ్యాండ్స్ ఆఫ్ ద మ్యాటర్ అన్నాను. నాకేం సంబంధం లేదని చేతులు దులిపేసుకోవడం. అంత వేగంలో, అన్ని జాతీయాల మధ్య, గోడ దగ్గరున్న మనిషికి ఒక్క ముక్కా అందదని నా ధైర్యం.

మేట్రన్ నన్నోసారి చూసి, సలోమి వైపు తిరిగి, నెలాఖరుకి ఉద్యోగం మానేసి హాస్టల్ గది ఖాళీ చెయ్యమంది. ఇక సర్టిఫికెట్ కూడా లేనట్టే.

బయట బస్‌స్టాపు దాకా ఇద్దరం నడిచాం. ఇక్కడితో ఆగినా బావుండేది. తెలుగులోకి దిగి, నీ తరఫున ఎంతో చెప్పి చూశానమ్మా, ఆవిడ వినలేదు అన్నాను. సలోమి బస్సు వచ్చేవైపే చూస్తూ జవాబు చెప్పింది.

"నాకు అర్థమైంది సార్. కర్ర సంగతీ అర్థమైంది, చేతుల సంగతీ అర్థమైంది. లిస్టంతా నాకు నోటికొచ్చు కదా."

నేను వచ్చే బస్సుల నంబర్లు చదువుతున్నట్టు నటించాను.

"ప్రభువుని సిలువకి అప్పగించి చేతులు కడుక్కున్నాయన గురించి మా చర్చిలో ఏటా చదువుతారు సార్" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట నేను వెయ్యిసార్లు వాడి ఉంటాను. ఆ మధ్యాహ్నం ఆ బస్‌స్టాపులో నాలుగు బస్సులు వదిలేసి నిలబడ్డప్పుడు దాని అర్థం తెలిసింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను నేర్పింది నేర్పినట్టు పూర్తిగా వంటబట్టించుకున్నది ఒక్కతే, దాన్నే నట్టేట ముంచాను.

ఇంగ్లీషు చెప్పబోయేవాళ్లకి

కథ మధ్యలో ఆపి ఒక మాట చెబుతాను, చివర్న అయితే మీరు చదవరు. జాతీయాలు నేర్పండి, నేర్పొద్దనడం లేదు. కానీ ఒక్కోదాని ఎదురుగా అర్థం రాసి ఊరుకోకండి. ఎవరు, ఎవరితో, ఏ మూడ్‌లో ఉండి అంటారో చెప్పండి. మీకు తెలియకపోతే ఆ జాతీయం కొట్టెయ్యండి. అలా కొట్టేస్తే నా రెండు వందల్లో ముప్పయ్యో నలభయ్యో మిగిలాయి. ఖన్నాగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆ పాత జాబితానే ఇంకా చాలా కాలం పంచుతూ వచ్చారు, నా పేరు చెరిపెయ్యమని నేను బతిమాలుకుంటే నవ్వేవారు. ఇంకొకటి. "తెలియదు" అనే మాట క్లాసులో వారానికి ఒక్కసారైనా అనండి. మొదటిసారి నామోషీగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

సాకేత్

మర్నాడు పొద్దున్నే మళ్లీ మేట్రన్ దగ్గరికి వెళ్లాను. ఈసారి చిన్న మాటల్లో చెప్పాను. నిన్న అబద్ధం చెప్పాను, ఆ మాట మంచిదని ఆ అమ్మాయికి చెప్పింది నేనే, తప్పు నాది అని. మేట్రన్ ఆశ్చర్యపోలేదు. నిన్ననే తెలుసు అంది. కానీ ఫిర్యాదు యజమాని దగ్గరుందని, కర్నల్ గారి ఇంటివాళ్లు వెనక్కి తీసుకుంటే తప్ప తన చేతుల్లో ఏమీ లేదని చెప్పి, సాకేత్ కాలనీలో ఉన్న వాళ్ల ఇంటి చిరునామా రాసిచ్చింది.

సలోమిని తీసుకుని వెళ్లాను. నాతో రావడం ఆమెకి ఇష్టం లేదు. ఆవిడకి తను క్షమాపణ చెప్పుకోవాలి కాబట్టి వస్తున్నానని ముఖం మీదే చెప్పింది. దారి పొడుగునా బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కొడుకు సెలవు సంగతి చూసుకోవడానికి ఆఫీసుకి వెళ్లాడు. పెద్దావిడ ముందుగదిలో ఒక్కతే కూర్చుని ఉంది. బల్ల మీద కర్నల్ గారి ఫోటో, దానికి దండ. సలోమిని గుర్తుపట్టింది గానీ మమ్మల్ని కూర్చోమనలేదు. నేను దారిలో కూడబలుక్కున్నదంతా మనసులో ఒకసారి చూసుకుని, "మేడమ్, వర్డ్స్ ఫెయిల్ మీ" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత నిజంగానే మాట రాలేదు.

సలోమి గోడ పక్కనున్న చిన్న స్టూలు లాక్కుంది. ఆవిడకి ఎదురుగా, మొహానికి మొహం సమంగా ఉండేట్టు కూర్చుంది. రోగుల పక్కన కూర్చునే అలవాటు కాబోలు, ఎవరూ చెప్పకుండానే చేసింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది, పొట్టి పొట్టి వాక్యాల్లో. దాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

"ఆ రోజు మీకు తప్పు మాట చెప్పాను మేడమ్. మంచి మాట అనుకున్నాను. సారు ఆరు దాటాక చనిపోయారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. నొప్పి లేదు."

ఆవిడ ఫోటో వైపు తిరిగింది. ఆ రాత్రి తను ఇంటికి వెళ్లకుండా అక్కడే ఉండాల్సిందని, మూడు వారాలు కూర్చుని సరిగ్గా ఆ రోజే లేకుండా పోయానని ఎవరితోనో చెబుతున్నట్టు ఫోటోతో చెప్పింది. తర్వాత సలోమిని అడిగింది. ఆయన ఏమైనా అన్నారా?

"టైమెంతని అడిగారు. ఆరయిందని చెప్పాను. 'అయితే ఇంకో గంటలో ఆవిడ వస్తుంది' అన్నారు. అని కళ్లు మూసుకున్నారు. మీ కోసం చూస్తున్నట్టే ఉన్నారు మేడమ్."

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఆ రోజే చెప్పాల్సింది" అంది సలోమి. "వరండాలో మంచి ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంటూ మర్చిపోయాను."

నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు? ఆ ముసలావిడకి కావలసిన ఒకే ఒక్క మాట ఈ అమ్మాయి దగ్గర ఉండగా, నా పన్నెండు కాగితాలు దానికి అడ్డం వచ్చాయి.

పెద్దావిడ లేచి హాల్లో ఉన్న ఫోను దగ్గరికి వెళ్లింది. కొడుకుకి ఫోన్ చేసి, ఆ కాగితం ఈ రోజే వెనక్కి తీసుకోమంది. అవతల ఏదో వాదన జరిగింది, ఆవిడ గొంతు పెంచకుండా మళ్లీ అదే చెప్పింది. తర్వాత మేట్రన్‌కి చేసి, మా ఆయన ఎలా పోయారో నాకు చెప్పింది ఈ అమ్మాయి ఒక్కతే, ఈమెను ఉంచుకోండి అంది. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. నా వైపు చూడలేదు. సలోమి చెయ్యి పట్టుకుని, "ఆయన ఏమన్నారో ఇంకోసారి చెప్పమ్మా" అంది.

సలోమి మళ్లీ మొదటి నుంచి, ఒక్క మాట మార్చకుండా చెప్పింది. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పింది. అక్కడ ఇంగ్లీషు మాస్టారితో పనేమీ లేదు. నేను లేచి, చెప్పులు తొడుక్కుని, బయట గేటు దగ్గర నిలబడ్డాను.